ఎవురికీ చెప్పబాక

మొన్న మా అన్న కూతురికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే ఫోన్ చేసి కబురు చెప్పింది. జీతం ఎంతమ్మా అని అడిగాను. మేనత్తకి ఆ మాత్రం అడిగే హక్కు ఉంటుందని నా ధీమా. "చెప్పకూడదత్తా. పక్క సీటువాళ్ళకి కూడా చెప్పొద్దని కంపెనీవాళ్ళు ముందే సంతకం పెట్టించుకున్నారు" అంది. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. తొంభైల్లో ఆత్మకూరు దగ్గర కాలువ గట్టు మీద ఒక మేస్త్రీ సరిగ్గా ఇదే మాట అంటుంటే చెవులారా విన్నదాన్ని నేను. ఆయన సంతకాల దాకా పోలేదు. కూలి డబ్బులు గుప్పిట్లో పెట్టి, చెవి దగ్గరికి వంగి, "ఎవురికీ చెప్పబాక" అనేవాడు.

ఇప్పుడు సర్వేలు చేస్తూ ఊళ్ళు తిరుగుతున్న పిల్లలు నా దగ్గరికి అప్పుడప్పుడూ వస్తుంటారు. మీ రోజుల్లో మనుషులు నిజాలు చెప్పేవాళ్ళు కదా మేడం, ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు అని వాపోతుంటారు. అప్పుడూ చెప్పేవాళ్ళు కాదు నాయనా. నా ఉద్యోగమంతా ఎవరి కూలి ఎంత, ఎవరి జీతం ఎంత అని అడుగుతూ తిరగడంతోనే సరిపోయింది. పేదవాళ్ళయినా గొప్పవాళ్ళయినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ముఖం పక్కకి తిప్పుకునేవాళ్ళే. అందుకే ఆ కాలువ గట్టు సంగతి మీకు చెప్పాలనిపించింది.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. నెల్లూరులో ఆఫీసు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూలిలో తేడా ఎంత ఉంది, ఎందుకుంది అని జిల్లా పడమటి మండలాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. నన్నూ, రిటైర్మెంటుకి దగ్గర పడిన ఒక పెద్దాయన్నీ కలిపి ఆత్మకూరులో దించారు. ఆయనది ఉదయగిరి వైపు పల్లె. ఆదివారం పూట వాళ్ళ ఊరి చర్చిలో వాక్యం చెప్పేవారు. మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతుతోనే మిగతా రోజుల్లో కూలివాళ్ళ దగ్గర ఎంత మెల్లగా మాట్లాడేవారో చెబితే నమ్మరు. నన్ను అమ్మణ్ణీ అని పిలిచేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో సగం ఏ పుస్తకంలోనూ లేదు. మేస్త్రీ డేరాలో టీ తాగేవారు కాదు. తాగితే మేస్త్రీ మనుషులమని కూలివాళ్ళు అనుకుంటారని. మనిషి నేల మీద కూర్చుంటే తనూ నేల మీదే కూర్చునేవారు. అన్నిటికంటే చిత్రం, డబ్బు సంగతి అడిగేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసేవారు కాదు. ప్రశ్న అడిగేసి ఎటో కొండల వైపు చూస్తూ కూర్చునేవారు. నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఎదురుగా మనిషిని పెట్టుకుని కొండల్ని చూస్తారేంటి సార్ అని ఒకసారి అడిగేశాను కూడా. "మనం చూస్తా ఉంటే మనిషికి సిగ్గేస్తాది అమ్మణ్ణీ. చూడకపోతే తనలో తను అనుకున్నట్టు చెప్పేస్తాడు" అన్నారు. తర్వాత నేను కూడా అదే పద్ధతి పట్టాను. మీరూ పట్టండి, ఖర్చేమీ లేదు.

ఆ రోజుల్లో సోమశిల ప్రాజెక్టు నీళ్ళ కోసం ఆ చుట్టుపక్కల కాలువ పనులు జోరుగా సాగుతుండేవి. మేము వెళ్ళిన చోట కాలువ గట్టుకి రాళ్ళు పేరుస్తున్నారు. ఉదయగిరి, మర్రిపాడు మెట్ట ఊళ్ళ నుంచి వచ్చిన కూలివాళ్ళు. వానల్లేక ఊళ్ళో పనుల్లేవు. గట్టు పొడవునా సున్నంతో గీతలు గీసి ఒక్కో ముక్క ఒక్కో జతకి అప్పజెప్పేవాళ్ళు. జత అంటే మొగుడూ పెళ్ళాం. అతను సమ్మెటతో రాయి సరిచేసి పేరుస్తాడు, ఆమె కింది నుంచి గంపతో మోసుకొస్తుంది. కూలి ఇద్దరికీ కలిపి ఒకటే. దాన్ని జత కూలి అనేవాళ్ళు. అది మగాడి చేతికే ఇస్తారు.

మా కాగితాల్లో మగవాళ్ళ కూలికి ఒక గడి, ఆడవాళ్ళ కూలికి ఒక గడి ఉండేవి. జత కూలికి గడి లేదు. నీ కూలి ఎంతమ్మా అని ఏ ఆడమనిషిని అడిగినా, "నాకు కూలేంది, మాది జత గదా" అని నా వైపు జాలిగా చూసేది. నెల్లూరుకి రాసి పంపి ఏం చెయ్యమంటారని అడిగాం. మా అధికారి బాగా చదువుకున్నాయన. జత కూలిని రెండుతో భాగించి చెరిసగం రాయమని జవాబు పంపాడు. రాశాం. నెల తిరిగేసరికి పట్టిక తయారై వచ్చింది. రాళ్ళు పేర్చే పనిలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేతనం పూర్తిగా సమానం అని అందులో ఉంది. దేశమంతా వెతుకుతున్న సమానత్వం మా కాలువ గట్టు మీద దొరికిందన్నమాట. ఆ పట్టిక చూసి పెద్దాయన చాలాసేపు నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మళ్ళీ పోదాం పద అమ్మణ్ణీ" అన్నారు.

ఈసారి వెళ్ళి అక్కడే తిష్ట వేశాం. అప్పుడు తెలిసింది అసలు కథ. వారం కూలి సంత రోజు మధ్యాహ్నం ఇచ్చేవాళ్ళు. మేస్త్రీ లారీ వెనకాల స్టూలు వేసుకుని కూర్చుని మగవాళ్ళని ఒక్కొక్కరిగా పిలిచేవాడు. మూసిన గుప్పిటతోనే వాళ్ళ గుప్పిట్లో డబ్బు పెట్టేవాడు. "నీకొక్కడికే ఎక్కువ ఇస్తా ఉండా, ఎవురికీ చెప్పబాక" అనేవాడు. ఆ మాట ప్రతి ఒక్కడితోనూ అనేవాడు. ప్రతి ఒక్కడూ తనే మేస్త్రీకి దగ్గరివాణ్ణని మురిసిపోతూ లారీ వెనక నుంచి బయటికి వచ్చేవాడు. మేము ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, కొండల వైపు చూస్తూ, ఓపిగ్గా అడిగి రాబట్టాం. ఒక్కో జతకి ఒక్కో రేటు. ఎక్కువ అనుకుంటున్నవాళ్ళలో చాలామందికి తక్కువే వస్తోంది.

కూలి రేట్లు బోర్డు మీద రాసి అందరికీ కనబడేలా పెట్టాలని రూలుంది. పెట్టలేదని అనడానికి లేదు, పెట్టారు. సిమెంటు గోడౌను లోపలి గోడకి కొట్టి, దాని ముందర బస్తాలు పేర్చారు.

ఆ గట్టు మీద ఒక్క ముక్క దగ్గర మాత్రం మగమనిషి లేడు. అత్తాకోడళ్ళు చేసేవాళ్ళు. కోడలికి ముప్ఫై లోపే ఉంటాయి. మొగుడు లారీ క్లీనరుగా పోతూ మర్రిపాడు రోడ్డులో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. పిల్లలిద్దర్నీ పుట్టింట్లో వదిలి పనికొచ్చింది. అత్త గట్టి మనిషి, సమ్మెట పట్టి రాళ్ళు పేర్చడం వయసులో ఉన్నప్పుడే మొగుడితో కలిసి చేసింది. ఆమె పేరుస్తుంటే ఈమె మోసేది. పొద్దుగూకులూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉండేవాళ్ళు. కూర ఉప్పగా ఉందనీ, రాయి వంకరగా తెచ్చావనీ. సాయంత్రానికి మాత్రం వాళ్ళ ముక్క పక్కవాళ్ళ ముక్కతో పాటే పూర్తయి ఉండేది.

వాళ్ళకి జత కూలి ఇవ్వడు మేస్త్రీ. ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే జత ఎట్టా అవుద్ది, రెండు ఒంటి కూళ్ళు అవుతాయి అని ఆయన లెక్క. ఒంటి ఆడకూలి రెండింతలు చేసినా జత కూలిలో మూడింట రెండు వంతులకి మించదు. మాకు కావలసింది ఇదే. అదే గీత, అదే రాయి, మగమనిషి లేడు కాబట్టి అంత కోత. అంటే జత కూలిలో ఆడమనిషి వాటా ఎంతని మేస్త్రీ మనసులో అనుకుంటున్నాడో ఇక్కడ బయటపడింది. నేను గంతులేసినంత పని చేశాను. పెద్దాయన మాత్రం ఆ అత్తాకోడళ్ళనే చూస్తూ నిలబడ్డారు.

వాళ్ళకి కూలి కోత కంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. ఆ పని ముగింపుకొచ్చింది. తర్వాతి పని కలువాయి వైపు. మేస్త్రీ లారీలో మనుషుల్ని తీసుకుపోతాడు. జతల్నే ఎక్కించుకుంటానని, ఒంటి కూళ్ళు అక్కర్లేదని ముందే చెప్పేశాడు. మేకలు అమ్ముకుని వచ్చినవాళ్ళు. ఊళ్ళో చినుకు లేదు. జత అనిపించుకోకపోతే ఆ అత్తాకోడళ్ళకి ఆ ఎండాకాలం పని లేదు, తిండి లేదు.

కోడలు ఒకరోజు మా దగ్గరికి వచ్చి కూర్చుంది. మీరు అందర్నీ అడిగినారు గదా, మిగతావాళ్ళకి ఎంత ఇస్తా ఉండారో నాకు చెప్పండి, అది తెలిస్తే మేస్త్రీతో మాట్లాడతా అంది. నా నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దాయన నా మోచెయ్యి మీద చెయ్యి వేసి ఆపారు. ఎవరు చెప్పిందీ ఇంకొకరికి చెప్పబోమని అందరికీ మాట ఇచ్చామమ్మా, చెబితే రేపు ఎవరూ మమ్మల్ని నమ్మరు అని ఆమెకి వివరించారు. నిజమే, మా కాగితంలో మొట్టమొదటి వాక్యమే అది. మీరు చెప్పిన వివరాలు గోప్యంగా ఉంచబడతాయి అని. ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాకే ప్రశ్నలు మొదలుపెట్టేవాళ్ళం.

ఆమె మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"మేస్త్రీ చెప్పబాకంటాడు. మీరేమో మేము చెప్పం అంటారు. ఇంక మాకు చెప్పేదెవురు సార్?"

మా గోప్యత ఎంత గొప్పదో శిక్షణలో పూటంతా పాఠం చెప్పారు. మేస్త్రీ గుప్పిటకీ మా గోప్యతకీ ఆమె వైపు నుంచి చూస్తే పెద్ద తేడా లేదని ఎవరూ చెప్పలేదు. పెద్దాయన అలవాటు ప్రకారం కొండల వైపు చూశారు. తర్వాత మొదటిసారి ఆ చూపు మరల్చి, ఆమె ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడారు.

"ఒకరిది నేను చెప్పకూడదమ్మా. నీది నువ్వు చెప్పుకుంటే మాత్రం ఆపే చట్టం ఏదీ లేదు."

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఈ సలహాతో ఆమెకి ఒరిగేదేముందని నేను ఆయనతో వాదించాను. అందరికంటే తక్కువ వచ్చేది ఆమెకి. తన తక్కువ తను నలుగురిలో చెప్పుకుంటే నవ్వులపాలు కావడం తప్ప ఏం జరుగుతుంది అన్నాను. పైగా మేస్త్రీకి కోపం వస్తే లారీ సంగతి అటుంచి, ఆ పూటే వెళ్ళగొడతాడు. పెద్దాయన నాతో వాదించలేదు. నాకూ భయంగానే ఉండాది అమ్మణ్ణీ అని మాత్రం అన్నారు.

కూలి రోజు వచ్చింది. ఎప్పటిలాగే జతలవాళ్ళందరూ అయ్యాక చివర్లో అత్తాకోడళ్ళని పిలిచాడు మేస్త్రీ. కోడలు లారీ వెనక్కి వెళ్ళి, తీసుకుని బయటికి వచ్చింది. ఆడవాళ్ళు సంతకి బయల్దేరడానికి సర్దుకుంటున్నారు, మగవాళ్ళు బీడీలు వెలిగించుకుంటున్నారు. ఆమె గుప్పిట తెరిచింది. నోట్లు పైకెత్తి పట్టుకుని తనకీ అత్తకీ కలిపి వచ్చింది ఎంతో గట్టిగా చెప్పింది.

"గీతకి గీత మీతో సమంగా పేర్చినాం. ఇచ్చింది ఇంత. దాచుకునేదానికి నేనేం దొంగతనం చెయ్యలా."

మేస్త్రీ లారీ వెనక నుంచి పరుగున వచ్చాడు. చెప్పబాకంటిని గదా అన్నాడు.

"నువ్వు చెప్పబాకంటివి. నేను సరే అనలా" అంది.

నేను భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదు. జాలి కూడా పడలేదు. జతల్లో అందరికంటే పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. మేము ఎంత అడిగినా మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి. ఆయన బీడీ పక్కన పడేసి తన జత కూలి ఎంతో చెప్పాడు. పక్కనున్నవాడు ఉలిక్కిపడి, అంతేనా అన్నాడు. నాకు దానికంటే తక్కువ, నాకొక్కడికే ఎక్కువని చెప్పినాడే అన్నాడు. నాకూ అట్నే చెప్పినాడని ఇంకొకడు. ఇంక ఆగలేదు. మేము వారాల తరబడి బతిమాలి, కొండలు చూసి, ఒక్కొక్కటిగా సంపాదించిన అంకెలన్నీ బీడీ కాలేంత సేపట్లో గట్టు మీద వరసగా బయటికొచ్చేశాయి. ఆ గోలలో ఒక జతలోని ఇల్లాలు మొగుడి చేతిలోని డబ్బు వైపు చూస్తూ, "అయితే ఇందులో నాదెంత?" అని అడిగింది. అతను తల గోక్కున్నాడు. మా అధికారి చెరిసగం అన్నాడని చెబుదామనుకుని నేను ఊరుకున్నాను.

మేస్త్రీని మీరు రాక్షసుడనుకోకండి. ఆ సాయంత్రం ఆయన మా దగ్గరికి వచ్చి దిగాలుగా కూర్చున్నాడు. కాంట్రాక్టరు కూడా తనకి డబ్బిచ్చేటప్పుడు, మిగతా మేస్త్రీలకంటే నీకే ఎక్కువ, ఎవరితోనూ అనొద్దని చెప్పాడట. "ఆయన కూడా అందురికీ ఇట్నే చెప్పినాడా ఏంది సార్?" అన్నాడు. పెద్దాయన ఆయన భుజం తట్టారు. ఆ ఒక్కసారి ఆయన ఇచ్చిన టీ కూడా తాగారు.

మరుసటి వారం నుంచి జతలన్నిటికీ ఒకే రేటు, అందరి ముందరా పైకి చెప్పి ఇచ్చాడు. అత్తాకోడళ్ళ సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నాడు. గట్టు మీద అందరి కూలీ సరిచేసిన మనిషికి తన కూలి సరికాలేదు. ఆమె మళ్ళీ మా దగ్గరికి రాలేదు. మేము ఎదురుపడితే పలకరించేది, గంప ఎత్తుకుని పోయేది. నాకు ఆమె ముఖం చూడటం కష్టంగా ఉండేది.

పెద్దాయన రాత్రిళ్ళు కూర్చుని నివేదికలో ఆ భాగం తిరగరాశారు. సమానం అన్న మాట కొట్టేశారు. కూలి ఎంతో నలుగురిలో నోటితో చెప్పి ఇవ్వాలి, బోర్డు మీద రాసి ఊరుకుంటే చాలదు అని సిఫారసుల్లో మొదట పెట్టారు. నెల్లూరులో దాన్ని ఆఖరికి నెట్టారు, కానీ కొట్టెయ్యలేదు. నా ఉద్యోగంలో తర్వాత చాలా నివేదికలు రాశాను, పెద్ద పెద్ద సమావేశాల్లో వేతనాల పారదర్శకత గురించి వక్తలు మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చున్నాను. గట్టు మీద గుప్పిట తెరిచిన ఆ మనిషి చెప్పినదానికి ఎవరూ ఒక్క మాట కొత్తగా కలపలేదు.

లారీ వచ్చిన రోజు మిగిలిన కాగితాలు పూర్తి చేసుకుందామని మేమూ అక్కడే ఉన్నాం. మేస్త్రీ లారీ పక్కన నిలబడి ఒక్కో జతనీ మగాడి పేరుతో పిలుస్తున్నాడు. అది వాళ్ళ ఆచారం. ఫలానావాడి జత అని పిలిస్తే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఎక్కాలి. పిలిచిన మగవాళ్ళు ఎక్కుతున్నారు. ఆడవాళ్ళు గంపలు చంకన పెట్టుకుని కిందే నిలబడ్డారు. మొదట ఎవరూ గమనించలేదు. పేర్లన్నీ అయ్యేసరికి లారీలో అందరూ మగవాళ్ళే, కింద అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ మధ్య అత్తాకోడళ్ళు తమ సమ్మెటా గంపా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు ఉన్నచోటి నుంచి కదల్లేదు. మొగుళ్ళు పైనుంచి ఎక్కమని పిలిచారు. నోరు పెట్టుకుని తిట్టినవాడూ ఉన్నాడు. ఆ నాదెంత అని అడిగిన ఇల్లాలు చీర చెంగు సర్దుకుని వేరేవైపు చూసింది.

మేస్త్రీకి అర్థమైంది. పెద్దాయన వైపు చూశాడు, ఏమన్నా అంటారేమోనని. ఆయన ఎప్పటిలాగే ఉదయగిరి కొండల వైపు చూస్తున్నారు. ఇంక మేస్త్రీకి మిగిలింది పిలవడమే. పిలుద్దామంటే వాళ్ళ జతలో మగపేరు లేదు. గొంతు సవరించుకున్నాడు, ఆగాడు, మళ్ళీ సవరించుకున్నాడు. చివరికి కోడలి పేరు పెట్టి, ఫలానామె జత అని అరిచాడు. ఒక ఆడమనిషి పేరుతో జతని పిలవడం ఆ గట్టు మీద అందరూ అప్పుడే మొదటిసారి విన్నారు. ముందు అత్తని ఎక్కించి, తర్వాత ఆమె ఎక్కింది. వెనకాలే మిగతా ఆడవాళ్ళందరూ ఎక్కారు. లారీ కదులుతుంటే అత్త కోడల్ని దేనికో తిడుతోంది.

పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన నేర్పినట్టే ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు. ఇచ్చిన మాట మాటే కదా. ఆమె పేరు మాత్రం రాయబోయి, ఆగి, మళ్ళీ రాయబోయి ఆగాను. ఆమె గనక ఇది చదివించుకుని వింటే నన్ను ఊరికే వదలదు. అంతమంది ముందర అంత గట్టిగా పిలిచిన పేరు, నువ్వెందుకు దాస్తా ఉండావమ్మా అని అడుగుతుంది.